పాలు పడని పాపాయికి ముద్ద పెట్టేదెలా?

తెలుగింట్లో చంటిపిల్ల తిండి అనగానే గుర్తొచ్చేవి మూడు. అన్నప్రాశన రోజు పాలు పోసి వండిన పరమాన్నం, పప్పన్నంలోకి నెయ్యి, ఆఖర్లో మెత్తగా పిసికిన పెరుగన్నం. ఈ మూడూ పక్కన పెట్టేసి ఆర్నెల్ల పిల్లకి మెనూ రాయమంటే ఏం రాస్తారు? పోయినేడు నాకు ఆ పని పడింది. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, డాక్టర్‌ని కాదు. డైటీషియన్‌ని అసలే కాదు. కాబట్టి ఇది వైద్య సలహా అనుకోవద్దు. మా పిల్లల డాక్టర్‌ని అడిగి తెలుసుకున్నవి, మా వంటింట్లో రోజూ చేసి చూసినవి ఇక్కడ చెబుతున్నా. మీ ఇంట్లోనో, మీ ఫ్రెండ్ ఇంట్లోనో ఇలాంటి పాపాయి ఉంటే పనికొస్తుంది.

పడకపోవడం రెండు రకాలు

'పాలు పడవు' అన్న ఒక్క మాటలో మనం రెండు వేర్వేరు సంగతులు కలిపేస్తాం. ఒకటి లాక్టోజ్ పడకపోవడం. లాక్టోజ్ అంటే పాలల్లో ఉండే చక్కెర. దాన్ని అరిగించే ఎంజైమ్ తగ్గిపోతే కడుపుబ్బరం, గ్యాస్, నీళ్ల విరేచనాలు వస్తాయి. పెద్దయ్యాక మనలో చాలామందికి ఉండేది ఇదే. పుట్టినప్పటి నుంచే ఇది ఉండటం చాలా అరుదు. తల్లిపాలల్లో కూడా లాక్టోజ్ పుష్కలంగా ఉంటుంది మరి. విరేచనాలు పట్టుకున్నాక కొందరు పిల్లలకి కొన్నాళ్లు ఈ ఇబ్బంది వచ్చి, తర్వాత దానంతటదే పోతుంది.

రెండోది ఆవుపాల ప్రొటీన్ అలర్జీ. ఇక్కడ గొడవ చక్కెరతో కాదు, ప్రొటీన్‌తో. ఆవుపాల ప్రొటీన్‌లో దాదాపు 80 శాతం కేసీన్, మిగతాది వే ప్రొటీన్. పాపాయి రోగనిరోధక వ్యవస్థ వీటిని శత్రువులనుకుని తిరగబడుతుంది. ఇందులో మళ్లీ రెండు దారులున్నాయి. కొందరికి పాలు తగిలిన నిమిషాల్లో, లేదా రెండు గంటల్లోపే దద్దుర్లు, పెదాల వాపు, వాంతి, ఆయాసం వస్తాయి. ఇంకొందరికి గంటల తర్వాత, ఒక్కోసారి రెండు మూడు రోజుల తర్వాత బయటపడుతుంది. మోషన్‌లో జిగురు, రక్తం చారలు, ఆగని ఏడుపు, ఎగ్జిమా, బరువు పెరగకపోవడం లాంటివన్నమాట. మొదటి రకానికి రక్తపరీక్ష, చర్మపరీక్ష ఉన్నాయి. రెండో రకాన్ని ఆ పరీక్షలు పట్టుకోలేవు.

మా పాపది ఈ రెండో రకం.

రోల్‌బ్యాక్ చేసి చూడటమే పరీక్ష

రెండున్నర నెలల వయసులో పాప డైపర్‌లో జిగురుతో పాటు ఎర్రటి చారలు కనిపించాయి. మొదట చూపించిన క్లినిక్‌లో ఇన్‌ఫెక్షన్ అన్నారు, మందు రాశారు. తగ్గలేదు. రెండో డాక్టర్ పాపని చూసి, ఆ వెంటనే నావైపు తిరిగి అడిగిన ప్రశ్న: "మీరు రోజుకి ఎన్ని పాలు తాగుతారమ్మా?"

నేను బాలింతని. మా అత్తగారిది తణుకు. బాలింత పథ్యం అంటే కారప్పొడి అన్నంలో గరిటెడు నెయ్యి, పొద్దున గ్లాసుడు పాలు, రాత్రి గ్లాసుడు పాలు. తల్లి పాలు తాగితేనే బిడ్డకి పాలు పడతాయని ఆవిడ గట్టి నమ్మకం. తల్లి తిన్న ఆవుపాల ప్రొటీన్ అతి కొద్ది మోతాదులో తల్లిపాలల్లోకి చేరుతుంది. చాలామంది పిల్లలకి దాంతో ఏ ఇబ్బందీ ఉండదు. కొద్దిమందికి ఆ చుక్క చాలు.

డాక్టర్ చెప్పిన పరీక్ష మా ఆఫీసు పద్ధతిలాగే ఉంది. అనుమానం ఉన్న మార్పుని వెనక్కి తీసేయండి, సమస్య పోతుందేమో చూడండి. పోతే మళ్లీ ఒకసారి పెట్టి చూడండి. తిరిగి వస్తే కారణం అదే. రెండు నుంచి నాలుగు వారాలు నేను పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, పనీర్, వాటితో చేసినవన్నీ మానేయాలి. పాపకి పాలివ్వడం మాత్రం మానకూడదు. ఈ ఆఖరి మాట ఆవిడ రెండుసార్లు చెప్పారు. 'తల్లిపాలే పడట్లేదు, డబ్బా పట్టు' అని చుట్టుపక్కల వాళ్లు చెప్పడం మొదలుపెడతారని ఆవిడకి తెలుసు. మామూలు డబ్బాపాలు కూడా ఆవుపాలతోనే చేస్తారు కాబట్టి అది పెనం మీంచి పొయ్యిలో పడటమే. తల్లిపాలు కుదరని పిల్లలకి ప్రొటీన్‌ని ముక్కలు చేసిన ప్రత్యేక ఫార్ములాలు ఉన్నాయి. అవి డాక్టర్ రాస్తేనే వాడాలి, ఖరీదూ ఎక్కువే.

మూడో వారానికి డైపర్ శుభ్రంగా కనిపించింది. నాలుగో వారం డాక్టర్ చెప్పినట్టే ఒక గ్లాసు పాలు తాగా. మూడో రోజు చారలు తిరిగొచ్చాయి. అనుమానం తీరింది. మనసుకి మాత్రం కష్టంగానే ఉంది. ఆ రోజు నుంచి నా భోజనం చారన్నంతో అయిపోవడం మొదలైంది. పెరుగన్నం లేకుండా భోజనం ముగిస్తే విస్తరి ముందు నుంచి మధ్యలో లేచి వచ్చినట్టు ఉంటుంది. నాకు కాల్షియం, విటమిన్ డి మాత్రలు రాశారు. పాలిచ్చే తల్లికి రోజుకి 1000 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం కావాలి, పాలు మానేసినప్పుడు మాత్ర లేకుండా అంత అందుకోవడం కష్టం.

కొబ్బరిపాల పరమాన్నం

ఘనాహారం ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నదాంట్లో ఎక్కువ తకరారు లేదు. ఆరు నెలలు, అంటే 180 రోజులు నిండాక అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మాటా అదే. మన ఆనవాయితీలో ఆడపిల్లకి బేసి నెలలో, మగపిల్లాడికి సరి నెలలో అన్నప్రాశన చేస్తారు. ఆరు నిండి ఏడో నెల పడగానే ముహూర్తం పెట్టించాం. శాస్త్రం, డాక్టర్ ఇద్దరూ ఒకే తేదీకి ఒప్పుకున్న అరుదైన సందర్భం అది.

తకరారు పరమాన్నం దగ్గర వచ్చింది.

"ఒక్క చుక్కమ్మా. దేవుడి ప్రసాదం. చుక్కకేం అవుతుంది?" అన్నారు అత్తయ్య.

"చుక్కే అత్తయ్యా సమస్య. నేను తాగిన గ్లాసులోంచి పాపకి చేరింది చుక్క కంటే చాలా తక్కువ."

"పోనీ పాలు బాగా మరిగించి చేద్దాం. నెయ్యి అయితే పాలే కాదు కదా."

ఈ ప్రశ్నలు తీసిపారేసేవి కావు. వేడి చేస్తే వే ప్రొటీన్ కొంతవరకు రూపం మారుతుంది, కేసీన్ మాత్రం మన పొయ్యి మీద మరుగుకి లొంగదు. పెరుగు తోడుకున్నప్పుడు బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత తినేస్తుంది, అందుకే లాక్టోజ్ పడని పెద్దవాళ్లకి పెరుగు, మజ్జిగ పడతాయి. ప్రొటీన్ మాత్రం పెరుగులో చాలావరకు అలాగే ఉంటుంది. నెయ్యి దాదాపు అంతా కొవ్వే, అయినా అడుగున ప్రొటీన్ జాడలు మిగలొచ్చు. కాబట్టి అలర్జీ ఉన్న పిల్లకి డాక్టర్ సరే అనేదాకా నెయ్యి కూడా వద్దు.

మేకపాలు, గేదెపాలు సంగతి అడిగినవాళ్లూ ఉన్నారు. వాటి ప్రొటీన్లు ఆవుపాల ప్రొటీన్లకి అన్నదమ్ముల్లాంటివి. ఆవుపాలు పడని పిల్లల్లో ఎక్కువమందికి మేకపాలూ పడవు. మా వీధిలో 'గాడిదపాలో' అంటూ వచ్చే అతన్ని పిలుద్దామని ఒక పక్కింటావిడ సలహా ఇచ్చారు. ఏ పాలైనా సరే, అక్కడికక్కడ పిండి కాచకుండా పసిపిల్లకి పట్టిస్తే ఇన్‌ఫెక్షన్ల ప్రమాదం ఉంది.

చివరికి మా అమ్మ దారి చూపించింది. వరంగల్ నుంచి వస్తూ రెండు కొబ్బరికాయలు తెచ్చింది. దేవుడికి ఆవుపాలు, ఆవునెయ్యితో నైవేద్యం ఒక గిన్నెలో. పాపకి చిక్కటి కొబ్బరిపాలతో పరమాన్నం ఇంకో గిన్నెలో. గరిటెలు వేరు, చెంచాలు వేరు. ముందు పాప గిన్నె వండి మూతపెట్టి, ఆ తర్వాతే పాలు పొయ్యి మీద పెట్టాం. ఏడాది లోపు పిల్లలకి తీపి వద్దంటారు కాబట్టి బెల్లం నామమాత్రంగా వేశాం. వెండి గిన్నెలోంచి మామయ్య ఉంగరంతో ముద్ద తీసి నాలుకకి రాస్తే పాప మొహం చిట్లించి, తర్వాత ఉంగరాన్నే పట్టేసుకుంది. ఆ తర్వాత మూడు రోజులు నేను డైపర్లు చూసిన శ్రద్ధతో ఏ కోడ్‌నీ రివ్యూ చేసి ఉండను. ఏమీ కాలేదు.

మొదటి నెల మెనూ

నిజానికి మన వంటిల్లు పాలు లేని తిండికి బాగా అనువైనది. ఇడ్లీ, ఉప్మా, పప్పన్నం, చారు, జావ, వీటిల్లో దేనికీ పాలు అక్కర్లేదు. పడమటి దేశాల్లో వెన్న, చీజ్, పాలపొడి తగలని వంట వెతుక్కోవాలి. మనకి పైన వేసే నెయ్యి మానేస్తే సగం పని అయిపోతుంది.

మేం మొదలుపెట్టింది ఉగ్గుతో. మూడు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు కడిగి నీడన ఆరబెట్టి, దోరగా వేయించి, రవ్వలా పట్టించాం. రెండు చెంచాల పొడి నీళ్లలో మెత్తగా ఉడికించి, దించాక అర చెంచా నువ్వుల నూనె లేదా కొబ్బరినూనె. ఈ నూనె అలంకారం కాదు. ఈ వయసు పిల్ల పొట్ట చిన్నది, పిడికెడు తిండిలోనే శక్తి దొరకాలి. నెయ్యి చేసే పని ఇక్కడ నూనె చేస్తుంది. చెంచా నూనె అంటే సుమారు 45 కేలరీలు. ఆరు నుంచి ఎనిమిది నెలల పాపాయికి తల్లిపాలు కాక బయటి తిండి నుంచి కావాల్సింది రోజుకి 200 కేలరీలే అని తెలిస్తే ఆ చెంచా విలువ అర్థమవుతుంది.

జావ నీళ్లలా ఉంటే పిల్లకి సులువు అనుకుంటాం. కడుపు నిండుతుంది కానీ శక్తి ఉండదు. చెంచా వంచితే వెంటనే జారిపోకుండా నిలవాలి, అదీ కొలత.

ఆ తర్వాత వరసగా వచ్చినవి: ఉడికించి మెదిపిన గుమ్మడి, చిలగడదుంప, క్యారెట్. అరటిపండు, సపోటా. పప్పుకట్టులో మెదిపిన తోటకూర. గుడ్డు. ఎనిమిదో నెల దాటాక ముళ్లు తక్కువ ఉండే కొరమీను, బాగా ఉడికించి మెదిపిన చికెన్ లివర్ కొంచెం. ఐరన్ గురించి డాక్టర్ ప్రత్యేకంగా చెప్పారు. పుట్టేటప్పుడు బిడ్డ వెంట తెచ్చుకున్న ఐరన్ నిల్వలు ఆరు నెలలకి తగ్గిపోతాయి, తల్లిపాలల్లో ఐరన్ తక్కువ. శాకాహారులైతే పప్పులు, ఆకుకూరలతో పాటు నాలుగు చుక్కల నిమ్మరసమో, జామపండు గుజ్జో ఇస్తే విటమిన్ సి వల్ల ఐరన్ బాగా ఒంటపడుతుంది. డాక్టర్ ఐరన్ డ్రాప్స్, విటమిన్ డి చుక్కలు కూడా రాశారు.

ఒక్కో కొత్త వస్తువుకి మూడు రోజులు. ఒకేసారి రెండు కొత్తవి పెడితే ఏది పడిందో, ఏది పడలేదో తెలియదు. ఫోన్లో ఒక స్ప్రెడ్‌షీట్ పెట్టి తేదీ, తిండి, ఎంత తింది, నిద్ర, మోషన్, చర్మం అని కాలమ్‌లు రాశా. మా ఆయన, అత్తయ్య, అమ్మ అందరికీ షేర్ చేశా. అత్తయ్యకి టైప్ చేయడం రాదు, వాయిస్ మెసేజ్ పెట్టేవారు: "తొమ్మిదింటికి చిలగడదుంప తిందమ్మా, ఊసింది కూడా."

సోయా సంగతి ఒకటి. ఆలస్యంగా బయటపడే రకం పాల అలర్జీ ఉన్న పిల్లల్లో కొందరికి సోయా కూడా పడదు. అందుకే మీల్‌మేకర్, సోయా పాలు తొందరపడి మొదలుపెట్టకుండా డాక్టర్‌ని అడిగి పెట్టాం. పడింది.

కాల్షియం లెక్క

'పాలు లేకపోతే ఎముకలు ఎలా గట్టిపడతాయి?' అందరూ అడిగేది ఇదే. లెక్క వేద్దాం. ఏడాది లోపు పిల్లకి రోజుకి సుమారు 300 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. తల్లిపాలు 100 మిల్లీలీటర్లలో 25 నుంచి 30 మిల్లీగ్రాములు ఉంటుంది. రోజుకి 600 మిల్లీలీటర్లు తాగితే 150 నుంచి 180 వచ్చేసినట్టే. రాగుల్లో 100 గ్రాములకి సుమారు 350 మిల్లీగ్రాములు ఉంది, ఆవుపాలల్లో 120 దగ్గర. అయితే పాపాయి 100 గ్రాముల రాగిపిండి తినదు. ఒక పూటకి 20 గ్రాములు తింటే 70 మిల్లీగ్రాములు. రెండు పూటలు తింటే 140. మొత్తం 300 దరిదాపుల్లోకి వచ్చాం.

కాగితం మీద లెక్క బాగానే ఉంది, కానీ రాగుల్లో ఉండే ఫైటేట్లు కొంత కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి. అందుకే మొలకెత్తించాలి. రాత్రంతా నానబెట్టి, తడిబట్టలో మూటకట్టి, ఒకటి రెండు రోజుల్లో మొలకలు వచ్చాక నీడన ఎండబెట్టి, కొద్దిగా వేయించి, పిండి పట్టించి పల్చటి బట్టలో జల్లించాలి. మొలకల వల్ల ఇంకో లాభం కూడా ఉంది. అందులో తయారయ్యే ఎంజైమ్ పిండిపదార్థాన్ని కొంత విడగొడుతుంది, కాబట్టి పిండి ఎక్కువేసినా జావ గడ్డకట్టకుండా జారుగా ఉంటుంది. అమ్మమ్మల కాలం నాటి పద్ధతి వెనక ఇంత కెమిస్ట్రీ ఉంది.

నువ్వుల్లో కాల్షియం రాగుల కంటే చాలా ఎక్కువ. అయితే నువ్వులకి కూడా కొందరికి అలర్జీ ఉంటుంది, పావు చెంచా మెత్తటి పొడితో మొదలుపెట్టాలి. మునగాకు, తోటకూరల్లోనూ కాల్షియం ఉంది, కాకపోతే తోటకూరలోని ఆక్సలేట్లు కొంత అడ్డుపడతాయి. ఇక షాపుల్లో దొరికే బాదంపాలు, ఓట్స్ పాలు, కొబ్బరిపాలు. వంటలో వాడుకోవచ్చు కానీ ఏడాది లోపు తల్లిపాలకో, ఫార్ములాకో బదులుగా పట్టకూడదు. వాటిల్లో పాపాయికి కావాల్సిన ప్రొటీన్, కొవ్వు, ఖనిజాలు సరిపడా ఉండవు.

ఆకుపచ్చ చుక్క చెప్పని సంగతి

ఈ ఏడాదిలో నేను బాగా నేర్చుకున్న విద్య లేబుల్ చదవడం. ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం అని తెలుస్తుంది కానీ, మన దేశంలో పాలు శాకాహారమే. కాబట్టి ఆ చుక్క మనకి పనికిరాదు. చూడాల్సింది పదార్థాల జాబితా, దాని కింద ఉండే అలర్జీ హెచ్చరిక. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం ప్యాకెట్‌లో పాలు ఉంటే ఆ సంగతి విడిగా రాయాలి. జాబితాలో మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసీన్, కేసీనేట్, బటర్, స్కిమ్డ్ మిల్క్ పౌడర్ అని ఏది కనిపించినా అది పాలే. 'నాన్ డెయిరీ' క్రీమర్లలో కూడా సోడియం కేసీనేట్ ఉండొచ్చు. 'లాక్టోజ్ ఫ్రీ' అంటే లాక్టోజ్ లేనివి, ప్రొటీన్ అలాగే ఉంటుంది.

ఆశ్చర్యపోయిన చోట్లు చాలానే ఉన్నాయి. పాపాయిల సీరియల్ డబ్బాల్లో ఎక్కువ వాటిల్లో పాలపొడి ఉంటుంది. బిస్కెట్లు, బ్రెడ్, కొన్ని చిప్స్ మసాలాల్లో కూడా పాల పదార్థాలు ఉంటాయి. తెలంగాణ అంగన్‌వాడీల్లో ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, చక్కెర, నూనెతో పాటు పాలపొడి కూడా కలుపుతారు. మామూలు పిల్లలకి అది మంచి తిండే, పాలు పడని పిల్ల ఇంట్లో ఉంటే మాత్రం అంగన్‌వాడీ టీచర్‌కి ముందే చెప్పాలి. హోటల్ ఇడ్లీ సరే, దాని మీద పోసే నెయ్యి వద్దని చెప్పాలి. స్వీట్లలో నువ్వుల ఉండ నయం. అదీ ఇంట్లో చేసిందైతేనే, స్వీట్ షాపులో చేతులు, గరిటెలు అన్నిటికీ ఒకటే.

26 వారాల సెలవు అయిపోయాక

2017లో చట్టం మార్చాక ప్రసూతి సెలవు 26 వారాలైంది. అంటే సరిగ్గా ఆరు నెలలు. పిల్లకి తిండి మొదలయ్యే రోజుకి తల్లికి సెలవు ముగుస్తుంది. నేను కొన్ని వారాలు ఇంటి నుంచి పనిచేశా, తర్వాత పాపని క్రెష్‌లో వేశాం.

అక్కడ అసలు పరీక్ష మొదలైంది. 'అలర్జీ ఉంది' అని నోటితో చెబితే సరిపోదు. వంటమనిషికి, ఆయమ్మకి, మధ్యాహ్నం షిఫ్ట్‌కి వచ్చే అమ్మాయికి, అందరికీ అర్థం కావాలి. తెలుగులో, హిందీలో పెద్ద అక్షరాలతో ఒక కార్డు రాసి పాప బ్యాగ్‌కి కట్టా: పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, వెన్న, బిస్కెట్, బ్రెడ్, చాక్లెట్ వద్దు. 'పాల పదార్థాలు వద్దు' అని మాత్రమే రాస్తే బిస్కెట్ ఎవరికీ గుర్తురాదు. తిండి మొత్తం ఇంటి నుంచే పంపాం, చెంచాతో సహా.

అయినా తొమ్మిదో నెలలో ఒక రోజు కొత్తగా చేరిన ఆయమ్మ రెండు చెంచాల పెరుగన్నం పెట్టింది. ప్రేమతోనే పెట్టింది, 'పక్కపిల్ల తింటుంటే చూస్తోందమ్మా' అంది. నాలుగో రోజు దాకా మోషన్‌లో రక్తం, రాత్రంతా ఏడుపు, ఆ వారం బరువు ఒక్క గ్రాము పెరగలేదు. ఆరు నెలలకి 6.1 కిలోలున్న పిల్ల మాది, గ్రాఫ్‌లో కింది గీతకి దగ్గర్లో ఉన్న పిల్ల. గీత వంగితే గుండె జారుతుంది. ఆ రాత్రి మా ఆయనా నేనూ ఉద్యోగం మానేయడం గురించి మొదటిసారి నిజంగా మాట్లాడుకున్నాం. ఎవరు మానాలి, ఇంటి ఈఎంఐ ఎలా కట్టాలి, అన్నీ లెక్కలేశాం. మర్నాడు క్రెష్ నిర్వాహకురాలు ఆయమ్మలందరినీ కూర్చోబెట్టి నన్నే చెప్పమన్నారు. డైపర్ ఫోటో చూపించా. ఆ తర్వాత మళ్లీ అలా జరగలేదు. ఆ కొత్త ఆయమ్మే ఇప్పుడు అందరికంటే జాగ్రత్తగా ఉంటుంది. ఇంకో పాప చేతిలో బిస్కెట్ కనబడితే మా పాపని ఎత్తుకుని అవతలికి వెళ్తుంది.

మిగతావి ఆపకండి

పాలు పడలేదు కదా అని గుడ్డు, వేరుశనగ, చేప అన్నీ ఏడాది దాకా ఆపేసే ఇళ్లు ఉన్నాయి. ఒకప్పుడు డాక్టర్లూ అదే చెప్పేవారు. బ్రిటన్‌లో జరిగి 2015లో వెలువడిన లీప్ అధ్యయనం ఈ ఆలోచనని తలకిందులు చేసింది. అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పసిపిల్లలకి 4 నుంచి 11 నెలల మధ్యే వేరుశనగ పెట్టడం మొదలుపెడితే, అసలు పెట్టని పిల్లలతో పోలిస్తే ఐదేళ్ల వయసుకి వేరుశనగ అలర్జీ చాలా తక్కువమందికి వచ్చింది. కాబట్టి ఆపడం రక్షణ కాదు. పాపకి తీవ్రమైన ఎగ్జిమా, లేదా వెంటనే వచ్చే రకం అలర్జీ ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే. వేరుశనగ పలుకు ఎప్పుడూ ఇవ్వకూడదు, గొంతుకి అడ్డం పడుతుంది. మెత్తటి పొడి జావలో కలిపి పెట్టాం. తేనె మాత్రం ఏడాది లోపు ఎవరికీ వద్దు.

ఒక్కో మెట్టు

మంచి వార్త ఏంటంటే, ఈ అలర్జీ ఎక్కువమంది పిల్లలకి జీవితాంతం ఉండదు. ముఖ్యంగా మా పాపకున్న రకం చాలామందికి ఏడాది నుంచి మూడేళ్ల లోపు పోతుంది. కనీసం ఆరు నెలలు పాలు ఆపాక, 9 నుంచి 12 నెలల వయసు మధ్యలో మళ్లీ పరీక్షించి చూస్తారు. దీనికి 'మిల్క్ ల్యాడర్' అనే పద్ధతి ఉంది, పాల నిచ్చెన అనుకోండి. కింది మెట్టు మీద పిండిలో కొద్దిగా పాలు కలిపి బాగా బేక్ చేసిన బిస్కెట్. ఎక్కువ వేడి, పిండితో కలవడం వల్ల ఆ ప్రొటీన్ అంతగా రెచ్చగొట్టదు. పై మెట్ల మీద కేక్, పాన్‌కేక్, తర్వాత చీజ్, పెరుగు. చిట్టచివర మామూలు పాలు. ప్రతి మెట్టు మీదా కొన్ని రోజులు ఆగి, ఏమీ కాకపోతేనే పైకి. లక్షణాలు వస్తే ఒక మెట్టు దిగాలి.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇది ఆలస్యంగా, తేలిగ్గా బయటపడే రకానికి, అదీ డాక్టర్ సరే అన్నాకే ఇంట్లో చేసేది. వెంటనే దద్దుర్లు, వాపు, ఆయాసం వచ్చే పిల్లలకి ఇంట్లో ప్రయోగాలు వద్దే వద్దు. వాళ్లకి ఆసుపత్రిలోనే పరీక్షిస్తారు.

మా పాపకి ఏడాది నిండినప్పుడు బరువు 8.1 కిలోలు. గీత మీద చక్కగా కూర్చుంది. అప్పుడే మొదటి మెట్టు ఎక్కాం. పావు బిస్కెట్, అర బిస్కెట్, ఒక బిస్కెట్. రెండో మెట్టు మీద ఇంట్లో చేసిన కప్‌కేక్. ఇప్పుడు 14 నెలలు, మూడో మెట్టు మీద ఉంది. అంతా బాగానే ఉంది. అత్తయ్య ప్రతి ఆదివారం ఫోన్ చేసి అడుగుతారు: "పెరుగు మెట్టు ఎప్పుడమ్మా?" తొందరేం లేదంటా. ఆవిడ మాత్రం అప్పుడే పెరుగు తోడు పెట్టడానికి ఒక చిన్న మట్టి ముంత కొని ఉంచారు.

ఇవి గుర్తుంచుకోండి

• మోషన్‌లో రక్తం, ఆగని వాంతులు, బరువు పెరగకపోవడం ఉంటే సొంతంగా పాలు ఆపేసి ఊరుకోకుండా పిల్లల డాక్టర్‌కి చూపించండి.

• పెదాలు, నాలుక వాపు, ఆయాసం, పాప వాడిపోయినట్టు అవడం, తిన్న ఒకటి నుంచి నాలుగు గంటల్లో ఆగకుండా వాంతులై పాలిపోవడం అత్యవసరం. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి.

• తల్లిపాలు ఆపొద్దు. తల్లి పాల పదార్థాలు మానేస్తే కాల్షియం, విటమిన్ డి గురించి డాక్టర్‌ని అడగండి.

• ఒకసారికి ఒక కొత్త తిండి. తేదీతో రాసిపెట్టుకోండి, డాక్టర్‌కి అది రిపోర్టులంత పనికొస్తుంది.

• మందులు, ప్రొబయోటిక్ ప్యాకెట్లలోనూ పాల జాడలు ఉండొచ్చు. ఏ మందు రాసినా పాప అలర్జీ సంగతి డాక్టర్‌కి, మెడికల్ షాపులో ముందే చెప్పండి.

• ప్రతి రెండు మూడు నెలలకి బరువు, ఎత్తు చూపించండి. తిండి సరిపోతోందో లేదో చెప్పేది చుట్టాల మాటలు కాదు, ఆ గ్రాఫే.